అన్నయ్య స్కీ బద్దలు అరకు చూసిన వైనం

మా అన్నయ్య ఇంగ్లండులో బారిష్టరు చదువుకుని తిరిగొచ్చి ఇరవై ఏళ్ళయింది. అందరూ తెచ్చినట్టే ఒక పట్టా, ఒక పైపు, ఒక అజీర్ణం తెచ్చాడు. మరెవరూ తేనిది ఇంకొకటి కూడా తెచ్చాడు. ఆరడుగుల పొడవున, ముక్కు పైకి వంగిన రెండు చెక్కబద్దలు. వాటిని స్కీలంటారు. కాళ్ళకు కట్టుకుని మంచుకొండల మీద జారతారు. విశాఖపట్నంలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు కూడా పొట్టుపొట్టుగా రాలిపోయే ఇంట్లో, ఆ రెండూ హాలు గోడమీద వీరుడి కత్తుల్లా వేలాడుతుంటాయి.

వాళ్ళింట్లో ఆదివారం భోజనమంటే పప్పు, పులుసు, స్విట్జర్లాండు.

"స్విట్జర్లాండులో ఉన్న ఆ చలికాలమంతా శనివారం రావడం ఆలస్యం, రైలెక్కేసేవాణ్ణి సుభద్రా! మోకాలిలోతు మంచు. ఆదివారం సాయంత్రం దాకా జారడమే జారడం!" అని మొదలుపెడతాడు. మజ్జిగన్నం దాకా జారుతూనే ఉంటాడు. అంతా కలిపి ఆయన అక్కడ గడిపింది ఒక్క చలికాలం. దాన్ని మేము ఇరవై ఏళ్ళుగా తింటున్నాం.

నేను ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం చెబుతాను. ఆ స్కూలు కమిటీకి అధ్యక్షుడు ఈ అన్నయ్యే. గత డిసెంబరులో ఒక ఆదివారం, మన జిల్లాలోనే అరకు కొండల మీద కొన్ని తెల్లవారుజాముల్లో నీళ్ళు గడ్డకడతాయని ఐదో ఫారం పిల్లలకు చెప్పానన్నాను. అన్నయ్య చెంచా కింద పెట్టాడు.

"నువ్వు చూశావా?"

"చదివాను."

"అదీ సంగతి! భూగోళం మగ మేష్టరుకిచ్చి, నీకు కుట్టుపని క్లాసు ఇద్దామని కమిటీలో అంటున్నారు. చూడనిది చెప్పే టీచరమ్మకు భూగోళమెందుకని జనవరి మీటింగులో అడిగితే నేనేం చెప్పను?"

"ఆ మేష్టరు భూమి గుండ్రంగా ఉందని చుట్టి చూసొచ్చాడా?"

మా వదిన విస్తళ్ళు తీసేసింది గాని మా వాదం తీరలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. క్రిస్మస్ సెలవుల్లో ఇద్దరం అరకు వెళ్ళాలి. నీళ్ళు గడ్డకట్టడం అన్నయ్య తన కళ్ళతో చూస్తే భూగోళం నాది. చూడకపోతే గ్లోబు అప్పగించి సూదీదారం పట్టుకోవాలి. నేను కుట్టిన గుండీ మావారి చొక్కాకు ఒక పూట నిలవదు. నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లల గతి పాఠకురాండ్రే ఊహించుకోవాలి.

"మంచుకు వెళుతూ స్కీలు ఇంట్లో వదిలేస్తావా? నీకు కూడా నమ్మకం లేదన్నమాట!" అని ఒక మాట అన్నాను. అంతే, ఇరవై ఏళ్ళ తర్వాత బద్దలు గోడ దిగాయి. మావారు మాత్రం దిగలేదు. మీ ఇద్దరితో ఒక బండిలో కూర్చోవడం కంటే ఇక్కడి చెమటే సుఖమన్నారు.

శృంగవరపుకోట

విజయనగరం నుంచి శృంగవరపుకోట దాకా మోటారు బస్సు. టాపు మీద కోళ్ళగంపల పక్కన స్కీలు, లోపల ఓవర్‌కోటులో అన్నయ్య. ఎండ చురుక్కుమంటోంది. ఎందుకయ్యా ఆ కోటంటే, "అలవాటు చేసుకోవాలి" అన్నాడు. చలికి ముందే చెమటతో అలవాటు చేసుకున్నాడు.

ఇక్కడినుంచి పైకి ఎడ్లబండే. సామాన్లు కొన్న దుకాణం సెట్టిగారు బియ్యం కొలుస్తూ కొలుస్తూ అరుగుకు ఆనించిన బద్దల దగ్గర ఆగిపోయారు.

"ఏటి బాబూ ఇయి? పడవ తెడ్లా?"

"కావు. మంచుమీద జారడానికి."

"జారడానికి బద్దలెందుకు బాబూ? మా యీదిలో వోన పడితే వొట్టి కాళ్ళతోనే జారతాం."

నేను నవ్వానని అన్నయ్య బద్దలు ఎత్తుకెళ్ళి బండిలో పెట్టేశాడు. ఆ దుకాణంలో నాకు నచ్చింది ఒకటుంది. కొండమీది నుంచి దిగివచ్చిన ఆడవాళ్ళు చింతపండు, అడ్డాకుల కట్టలు దింపి ఉప్పు, ఎండుచేపలు ఎత్తుకుపోతున్నారు. ఇవ్వాల్సింది ఇచ్చి, కావాల్సింది తీసుకుని, గట్టిగా నాలుగు మాటలని వెళ్ళిపోతున్నారు. మా వీధిలో చీరలవాడితో ఒక పూటంతా బేరమాడి చివరికి కొనకుండా పంపే మా వదిన ఇక్కడ పాఠం నేర్చుకోవాలి.

అనంతగిరి ఘాటీ

ఘాటీ ఎక్కేటప్పుడు బండివాడు దిగి నడిచాడు. కాసేపటికి నన్ను దిగమన్నాడు. ఆ తర్వాత అన్నయ్యను ఎద్దులే దింపేశాయి, అవి నిలబడిపోయాయి గనక. బద్దలు బండి వెనకనుంచి బారెడు పొడుచుకొచ్చి, మలుపు మలుపుకీ చెట్లను పలకరిస్తున్నాయి.

ఒకచోట మరీ నిటారు ఎత్తు. బండి వెనక్కి జారింది. బండివాడు "రాయి! రాయి!" అని అరిచాడు. చేతికి రాయి దొరకలేదు. ఒక స్కీ లాగి చక్రం కింద కుక్కాడు. బండి ఠక్కున ఆగింది.

"అయ్యో, నా హికరీ!" అన్నాడు అన్నయ్య. అది ఆ కర్ర పేరట.

"మంచి చేవ గల కర్ర బాబూ," అన్నాడు బండివాడు దాన్ని తట్టి. "మరో జత దొరికితే నాకూ తెప్పించండి."

ఇరవై ఏళ్ళకు ఆ బద్దలు కొండమీద పనికొచ్చాయి. మధ్యలో మాత్రం బండిచక్రం ఇనుప పట్టా కోసిన గాటు పడింది.

మధ్యాహ్నానికే చలి మొదలైంది. కాఫీ తోటల దగ్గర కమలాపళ్ళు అమ్ముతున్న ముసలమ్మ అణాకి ఒడినిండా పోసింది. వలిచి తింటుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి. అన్నయ్య మఫ్లరు చుట్టి, దానిమీద మంకీక్యాపు పెట్టి, ముక్కు మాత్రం బయట ఉంచి, "స్విట్జర్లాండు చలి పొడిచలి సుభద్రా. ఇది తడిచలి. దీన్ని చలనడం అన్యాయం" అని వణుకుతూ తీర్పు చెప్పాడు.

అరకు బంగళా

మేము దిగిన బంగళాలో వంటమనిషి పేరు అప్పలనరసమ్మ. పల్లపుసీమ మనిషి. కాపలావాడి భార్యగా కొండెక్కి పదేళ్ళయిందట. రాగులతో సోడి అంబలి చిక్కగా కాస్తుంది, కొండ కందులతో పప్పు అమోఘంగా చేస్తుంది, ఎంగిలి విషయంలో మా అత్తగారిని మించినది. తిన్న ఆకును రెండు వేళ్ళతో పట్టుకుని, పెరటి అవతల పశువులకు వేసిన గడ్డివామి దాకా నడిచి పారేసి వస్తుంది.

ఇక్కడొక ఇంటి రహస్యం చెప్పాలి. అన్నయ్యవి కట్టుడు పళ్ళు. మద్రాసులో చేయించుకున్నవి. పడుకునే ముందు తీసి గ్లాసుడు నీళ్ళలో వేసి మంచం పక్కన పెట్టుకుంటాడు. అప్పలనరసమ్మ మొదటి రోజే అది చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఆ బాబు నోరు గలాసులో ఉంది!"

"కట్టుడు పళ్ళమ్మా, అలాగే ఉంచుతారు."

"ఎంగిలి పళ్ళు అలగ రేత్రంతా ఇంట్లోనా? ఆ గలాసులోనే రేపు ఇంకో దొరకి నీలియ్యాల. నానేటి సెయ్యాల సెప్పండి?"

నేను నవ్వి ఊరుకోమన్నాను. అలా అనడమే నా అదృష్టమని అప్పుడు తెలియలేదు. ఊరుకోమంటే ఊరుకునే మనిషి కాదామె.

మొదటి తెల్లవారుజామున లేచి తలుపు తీశాను. కళ్ళు నులుముకున్నాను. లోయంతా తెల్లగా ఉంది. పొగమంచు కాదు. అది లోయ అడుగున పాలగిన్నెలా వేరే నిలబడి ఉంది. దానికి పైన ఏటవాలు గడ్డినేలలన్నీ పంచదార చల్లినట్టున్నాయి. గడ్డిపోచ ముట్టుకుంటే పుటుక్కున విరిగింది. అడుగు వేస్తే కరకరమంది. ఇరవై ఏళ్ళుగా అట్లాసులో తెల్లరంగు చూపించి పాఠం చెప్పినదాన్ని, నలభై నాలుగో ఏట దానిమీద నిలబడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, కళ్ళు తడిశాయి.

వెంటనే లోపలికి పరుగెత్తాను. "అన్నయ్యా! లే! మంచు!"

నాలుగు రగ్గుల కిందనుంచి పళ్ళులేని గొంతు వినిపించింది. ఏడున్నరకు కాఫీతో లేపమని దాని సారాంశం.

ఏడున్నరకు సూర్యుడు కొండెక్కాడు. అన్నయ్య పళ్ళు పెట్టుకుని, కాఫీ తాగి, కర్ర పట్టుకుని బయటికొచ్చేసరికి గడ్డి మీద మిగిలింది నీళ్ళు.

"తడి," అన్నాడు కర్రతో గడ్డి కదిపి. "మా పెరట్లోనూ ఉంటుంది."

"తెల్లవారుజామున తెల్లగా ఉండింది!"

"సాక్షి ఎవరు? కక్షిదారే సాక్షి అయితే కోర్టులెందుకు?"

సరే, గడ్డకట్టిన నీళ్ళే చేతిలో పెడతానని ఇత్తడి చెంబునిండా నీళ్ళు పోసి సాయంత్రం మెట్లమీద పెట్టాను. పొద్దున చూస్తే నీళ్ళు వేలిని కొరికేంత చల్లగా ఉన్నాయి గాని నీళ్ళే. మర్నాడూ అంతే. "సూదులు ఏ నంబరువి తెప్పించమంటావు?" అని అన్నయ్య కాఫీ చప్పరించాడు.

డుంబ్రిగుడ సంత

డుంబ్రిగుడ సంతకు స్కీలు మోయించుకుని వెళ్ళాడు అన్నయ్య. కొండలవాళ్ళయినా వీటి విలువ తెలుసుకుంటారని ఆయన ఆశ. పిప్పళ్ళు, పసుపు, వలిసె నూనెగింజలు, అడ్డాకులు రాసులు పోసి ఉన్నాయి. ఆడవాళ్ళ ముక్కులకు మూడేసి ముక్కెరలు, నోట్లో పొగచుట్ట, నిప్పు లోపలివైపు. మా ఊళ్ళో ఆడది ముక్కుపొడి పీలిస్తే గుసగుసలు పోతారు. ఇక్కడ అత్త చుట్ట తీసి కోడలికి అందిస్తోంది.

అడ్డాకుల దొప్పలు కుడుతున్న ఒకామె పేరు బుద్రి. బుధవారం పుట్టిందట. ఇక్కడ పుట్టిన వారమే పేరు. ఆ లెక్కన శనివారం పుట్టిన మా అన్నయ్య శనివారప్పేరు మోయాలి, ఆయన శనివారాలు మనకు తెలిసినవే.

బుద్రి బద్దలను అటూ ఇటూ తిప్పి చూసింది. గీకింది. వాసన చూసింది.

"దున్నడానికి కాదు. మొయ్యడానికి కాదు. ఆటకి," అంది.

శృంగవరపుకోట నుంచి ఎవరూ చెప్పలేనిది చెప్పిందని అన్నయ్య ఉబ్బిపోయాడు. "ఎలా తెలిసింది?"

"పనిదయితే అరిగిపోతాది. ఇది కొత్తగుంది."

అన్నయ్య పిప్పళ్ళ ధర కనుక్కోవడానికి పక్కకు వెళ్ళాడు.

తమ ఊరి వాలు మీద తాడిలాంటి జీలుగు చెట్టు మట్టలేసుకుని జారతామని, తెల్లగా ఉన్నప్పుడయితే బాణంలా పోతుందని బుద్రి చెప్పింది. "పొద్దున్నే రా అమ్మా. ఎండొస్తే పోతాది." నా చెంబు గొడవ చెప్పాను. ఆమె దొప్ప కుట్టడం ఆపలేదు.

"చెంబులో నీలు లోతు. రాయి వెచ్చన. గడ్డి మీద ఆకు పెట్టు, నీలు పలచగా పొయ్యి. గడ్డ కడతాది."

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మంచుదేశంలో పుట్టిన మనిషి మాట విని దొప్ప కొనుక్కుంటే పోయేది. నేను వినలేదు. లోహం త్వరగా చల్లబడుతుందని పుస్తకంలో ఉందని, ఆకు చల్లబడదని ఆమెకు సంత మధ్యలో నిలబడి పాఠం చెప్పాను. ఆమె అంతా విన్నది.

"సరే అమ్మా. నీ చెంబు నీది," అంది.

వాలు మీద శనివారం

శనివారం బుద్రి ఊరికి వెళ్ళాం. "పొద్దున్నే" అంటే అన్నయ్య పంచాంగంలో తొమ్మిది. వాలు పచ్చగా, తడిగా మెరుస్తోంది. అయినా ఆడుతున్న ఆడవాళ్ళు, గుంటపిల్లలు ఇరవైమంది ఉన్నారు.

అన్నయ్య బూట్లకు బద్దలు తగిలించబోతే తోలుపట్టీలు ఇరవై ఏళ్ళ ఉప్పుగాలికి చేతిలో పొడి అయ్యాయి. బుద్రి అడ్డనార తెచ్చి, మేకను కట్టినట్టు బిగించి కట్టింది.

"అందరూ చూడండి! మోకాళ్ళు వంచాలి. బరువు ముందుకు. చూపు దూరంగా," అని అన్నయ్య ఉపన్యసించాడు. కదల్లేదు. ఇంకా ఉపన్యసించాడు. అప్పుడు కదిలాడు. నాలుగు బారలు హుందాగానే పోయాడు. ఆ తర్వాత ఎడమ బద్ద ఒడ్డెదేశం వైపు, కుడి బద్ద విజయనగరం వైపు పోదామన్నాయి. మధ్యలో బారిష్టరుగారు ఎటూ తేల్చుకోలేక కూర్చున్నారు. కూర్చున్న భంగిమలోనే దిగువ వలిసె చేలోకి వెళ్ళి, చేతులు బారచాపి ఆగారు. మంకీక్యాపు నిండా పసుపు పూలు.

"స్విట్జర్లాండులో ఇలగే ఆగుతారా బాబూ?" అని కేకేసింది మాతో వచ్చిన అప్పలనరసమ్మ.

"గడ్డి! గడ్డి తప్పు!" అని చేలోంచి జవాబు.

బుద్రి ఒక జీలుగు మట్ట నా ముందు పడేసింది. పడవలా గుంటగా, నున్నగా ఉంది. వద్దనబోయాను. బి.ఏ. ప్యాసయినదాన్ని, మునిమనవల వయసు రాకపోయినా కీళ్ళ నొప్పుల వయసు వచ్చినదాన్ని. "బయమా?" అంది బుద్రి. ఆ మాట నన్ను ఎవరూ అనకూడదు. కుచ్చిళ్ళు దోపి కూర్చున్నాను. ఆమె వీపుమీద ఒక్కటి వేసింది.

పాఠకురాండ్రారా! చెవుల్లో గాలి ఈల. కడుపు పైనే వాలు మీద ఉండిపోయింది, మిగతా నేను కిందికి వచ్చేశాను. ఎవరో భయంకరంగా అరుస్తున్నారు, ఆగాక చూస్తే ఆ అరుపు నాదే. వలిసె చేలో కూర్చుని బూటు ముడి విప్పుకుంటున్న అన్నయ్యను దాటి ఇరవై గజాలు పోయాను. లేచి, మట్ట భుజాన వేసుకుని మళ్ళీ పైకెక్కాను. ఏడుసార్లు జారాను.

"ఇది క్రీడ కాదు," అన్నాడు అన్నయ్య.

"కాదు. ఇది జారడం," అన్నాను.

కాని దిగివస్తుంటే సంతోషం సగానికి దిగింది. మర్నాడు తెల్లవారగానే ప్రయాణం. అన్నయ్య మంచు చూడలేదు. నా చెంబు నీళ్ళు ఇంకా నీళ్ళే. గుండీలు నాకోసం విశాఖపట్నంలో ఎదురుచూస్తున్నాయి.

ఆదివారం, గడ్డివామి దగ్గర

ఆదివారం బండి కట్టాలని బండివాడు చీకటి విడవగానే కేకేశాడు. అన్నయ్య లేవక తప్పలేదు. లేచి మంచం పక్కన తడిమాడు. గ్లాసు లేదు.

"ఫుభద్రా! నా ఫళ్ళేవీ?"

అప్పలనరసమ్మ గుమ్మంలో కొంగు దోపుకుని నిలబడింది. "గలాసు రేత్రే తోమీసినాను బాబూ. ఎంగిలిది ఎన్నాళ్ళుంచుతాను? మీ పళ్ళు మంచి దొప్పలో నీలు పోసి ఆ గడ్డిమీద పెట్టినాను. బేగి ఎల్లండి, ఎద్దు అటే ఎల్తంది!"

మంకీక్యాపు లేకుండా, మఫ్లరు లేకుండా, వొట్టికాళ్ళతో అన్నయ్య తెల్లటి గడ్డిమీద పరుగెత్తాడు. కరకర కరకరమని పరుగెత్తాడు. నేనూ వెనకే. అడ్డాకులు వేయడానికి వచ్చిన బుద్రి తలమీద కట్టతో అక్కడే నిలబడి, గడ్డివామి వైపు చూసి నవ్వుతోంది.

పరకల మధ్య పచ్చటి దొప్ప. అందులో అద్దంలాంటి మూత. ఆకు ఈనెలు దానిమీద గీతలు గీతలుగా అచ్చుపడ్డాయి. ఆ అద్దం కింద మా అన్నయ్య ముప్పై రెండు పళ్ళు, నన్ను చూసి నవ్వుతున్నట్టు.

గోటితో కొట్టాను. టక్.

అన్నయ్య చెయ్యి చాపాడు. దొప్ప వెనక్కి లాక్కున్నాను.

"ముందు తీర్పు. ఇది నీరా, గడ్డా?"

అన్నయ్య కొండవైపు చూశాడు. శిఖరం ఎర్రబడుతోంది. ఆయన ఆలోచన నాకు తెలుసు. ఇంకొంచెంసేపు నోరు మూసుకుని నిలబడితే సూర్యుడే వచ్చి సాక్ష్యాన్ని కరిగించి పళ్ళు ఇచ్చేస్తాడు. బారిష్టరు బుర్ర! నేను దొప్పతో సహా గడ్డివామి నీడలోకి జరిగాను. అవతలనుంచి ఎద్దు మూతి చాపి, దొప్ప అంచు కొరికింది.

"గడ్డే! గడ్డే! ఛూఫాను!" అని అన్నయ్య అరిచిన అరుపుకు ఎద్దు బెదిరింది.

"మరొక్కసారి, సాక్షులు వినేలా."

ఆయన బుద్రి వైపు, అప్పలనరసమ్మ వైపు తిరిగి మూడుసార్లు తల ఊపాడు. వేడినీళ్ళు తెప్పించాను. పళ్ళు చేతికందాక ఆయన మొదట అన్న మాట: "బళ్ళో ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పను," అన్నాను. చేతిలో చెయ్యేసి చెప్పాను.

బుద్రి నా ఇత్తడి చెంబు మెట్లమీదినుంచి తెచ్చి బండిలో పెట్టింది. "నీ చెంబు నీది అమ్మా," అంది. ఈసారి నేను పాఠం చెప్పలేదు. వంద దొప్పలు కొనుక్కున్నాను.

తిరిగొచ్చాక

జనవరి మీటింగులో, అరకులో గడ్డకట్టిన నీళ్ళు తాను స్వయంగా చూశానని అధ్యక్షులవారు చెప్పారు. ఎలాంటి పరిస్థితుల్లో చూశారని ఒక సభ్యుడు అడిగాడట. దగ్గరనుంచి చూశానని చెప్పి, తర్వాతి అంశానికి వెళ్ళారట. గ్లోబు నా బల్లమీదే ఉంది. కుట్టుపని క్లాసు గుండీలు కుట్టడం వచ్చినవారే తీసుకున్నారు.

స్కీలు మళ్ళీ గోడెక్కాయి. బండిచక్రం గాటు చూసి ఎవరైనా అడిగితే అది ఆల్ప్స్ పర్వతాల రాయి చేసిన గాయమని అన్నయ్య చెబుతున్నాడు. నేను కాదనడం లేదు. ఆదివారాలు స్విట్జర్లాండు కూడా కొంచెం తగ్గింది. చారు దగ్గరే ఆగిపోతోంది.

ఐదో ఫారం పిల్లలకు ఒక దొప్ప చూపించి అందులో మంచు ఎలా కడుతుందో చెప్పాను. "అందులో ఏం వేసి పెట్టారు టీచరుగారూ?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది. "నీళ్ళు," అన్నాను. బళ్ళో చెప్పనని అన్నయ్యకు మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను.

పత్రికకు రాయనని మాత్రం ఆయన నన్ను అడగలేదు.